పైన వేసిన గది

ఎల్లవ్వ ఇంట్లో ఉన్నది ఒక్క గది, ఒక వంటమూల, ఒక మంచం. మనుషులు నలుగురు. ఇంత చిన్న ఇంట్లో నలుగురు ఎలా సర్దుకున్నారని ఆశ్చర్యపోయేవాళ్లు సూరత్‌లో సాంచెల మధ్య బతికి ఉండరు. మరమగ్గాన్ని అక్కడి మనవాళ్లు సాంచా అంటారు, షిఫ్టును పాళీ అంటారు. మొగుడు సోమలింగానిది రాత్రి పాళీ, కొడుకు నరహరిది పగటి పాళీ. తండ్రి ఇంటికి వచ్చేసరికి కొడుకు గడపలో చెప్పులు తొడుక్కుంటూ ఉండేవాడు. కొడుకూ కోడలూ లేచిన మంచం మీద తండ్రి వాలేవాడు. ఎల్లవ్వ ఎప్పుడూ వంటమూలలో చాప వేసుకునేది. లింబాయత్‌లోని ఆ గల్లీలో సగం ఇళ్లు ఇలాగే నడిచేవి. ఇల్లు ఇరుకని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే ఇంటివాళ్లంతా ఒకేసారి ఇంట్లో ఉండే రోజంటూ వచ్చేది కాదు.

ఆ ఇంటికి ఒకటే చట్టం ఉండేది. పాళీ దిగి పడుకున్నవాణ్ణి లేపకూడదు. మిగతా చట్టాలు సర్కారు చేస్తే ఈ చట్టాన్ని ఎల్లవ్వ చేసింది, చేసే హక్కు కూడా ఆమె కష్టపడే సంపాదించుకుంది. నరహరి ఇంకా బడికి పోయే రోజుల్లో ఒకనాడు సిరిసిల్ల నుంచి ఆమె అన్న వచ్చాడు. అన్న వచ్చాడన్న సంబరంలో ఆమె పొద్దున్నే నిద్రలో ఉన్న మొగుణ్ణి కుదిపి లేపింది. ఆ బావతో సాయంత్రం దాకా కబుర్లు చెప్పి, కంటికి కునుకు లేకుండానే సోమలింగం పాళీకి పోయాడు. ఆ రాత్రి కళ్లు మూతపడిన క్షణంలో ఎడమ చేయి సాంచాలో పడి రెండు వేళ్లు పోయాయి. ఆయన చేతికి కట్టుతో ఇంటికొచ్చి, అన్నకు కోడికూర వండినావా లేదా అని అడిగాడు. తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది.

అప్పటినుంచి ఎల్లవ్వ పగలు గిన్నెలు కడిగితే చప్పుడు రాదు. గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని చీరలకు దారాలు కత్తిరించే పని చేసుకునేది. తలుపు కొట్టినవాళ్లను గల్లీ చివరికి తీసుకుపోయి మాట్లాడేది. ఊళ్లో దగ్గరి చుట్టం చనిపోయాడని ఫోనొస్తే, ఆ ఏడుపు కొంగులో కుక్కుకుని, సోమలింగం తనంతట తాను లేచాకే చెప్పింది. ఆయన పగటి వెలుతురుకు ముఖం మీదిదాకా దుప్పటి లాక్కుని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ దుప్పటి ముద్దకు ఇంటిల్లిపాదీ భయపడేవాళ్లు.

కరోనా వచ్చి లాక్‌డౌన్ పెట్టిన రోజున గల్లీలో సాంచెలన్నీ ఒక్కసారి ఆగాయి. చాలామంది కిరాయి గదులు ఖాళీ చేసి ఊళ్లకు పోయారు. వీళ్లకు ఇల్లు సొంతం, ఊళ్లో ఏమీ మిగల్లేదు, కనుక ఉండిపోయారు. ఇల్లు ఎంత చిన్నదో ఎల్లవ్వకు అప్పుడు తెలిసింది. ఎటు తిరిగినా ఎవరి కాలో తగిలేది. సాంచెల మోతలో చెవులు సగం పోయిన సోమలింగం ఉప్పు అడిగినా పక్కింటివాళ్లు తొంగిచూసేంత గట్టిగా అడిగేవాడు. రాత్రి నిద్రపోవడం ఆయనకు చేతకాదు. అందరూ పడుకున్నాక చీకట్లో కూర్చుని గొంతు సవరించుకుంటూ ఉండేవాడు. కోడలు రుచితకు నెల తప్పింది. వాంతి వస్తే పరుగెత్తడానికి దారి లేక పాపం మామ కాళ్లు దాటుకుంటూ పోయేది.

సూరత్ అవతలి కొసన ఉన్న ఆల్థాన్‌కు పోదామన్న మాట మొదట ఎత్తింది రుచితే. ఆమె సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మాట్లాడితే సగం హిందీ ఉంటుంది. ఒక పూట అత్త పక్కన కూర్చుని దారాలు కత్తిరిస్తూ మెల్లగా అంది.

"అత్తమ్మా, ఆల్థాన్‌ల మా అన్న బిల్డింగ్‌ల ఒక ఫ్లాట్ ఖాలీ ఉంది. దో రూమ్, హవా మంచిగొస్తది. ఇది అమ్మేసి అందరం పోదం."

పిల్ల అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ అందరం అన్న మాట ఎల్లవ్వకు నమ్మకం కలిగించలేదు. సోమలింగం సాంచా ఇక్కడ నడిచిపోయే దూరంలో ఉంది. చెవులు వినిపించని, వేళ్లు తక్కువైన మనిషికి కొత్తచోట ఏ సేఠు పని ఇస్తాడు? ఇల్లు అమ్మినా అమ్మకపోయినా ముసలివాళ్లు ఇక్కడే ఏదో గదిలో మిగులుతారు, కొడుకు అక్కడికి పోతాడు. ఒక్కగానొక్క కొడుకు. వాడు పాళీ నుంచి వచ్చే అడుగుల చప్పుడు లేని ఇంట్లో బతకడం ఆమె వల్ల కాదు. ఆమె భయమంతా అదే, ఇంకేమీ లేదు.

అందుకని పైన ఒక గది వేద్దామంది. సోమలింగాన్ని అడిగితే ఎప్పటిలాగే, నీకెట్ల మంచిగనిపిస్తే గట్ల అన్నాడు. నరహరి అటు పెళ్లాం ముఖం, ఇటు తల్లి ముఖం చూసి చివరికి తల్లివైపే ఒరిగాడు. సాంచెలు మళ్లీ తెరిచారు గానీ తాపీవాళ్లు ఊళ్లనుంచి ఇంకా రాలేదు. ఒక ముసలి మేస్త్రీ దొరికితే, తండ్రీ కొడుకులు పాళీ లేని పూట ఇటుకలు మోశారు. ఆ వేళ్లు లేని చేత్తో ఆయన సిమెంటు తట్ట ఎత్తుకుంటుంటే ఎల్లవ్వ వద్దని అరిచేది. ఆయనకు వినిపించేది కాదు, వినిపించినా వినేవాడు కాదు. నాలుగు గోడలు, పైన రేకులు, గల్లీలోంచి ఇనుప మెట్లు. నిచ్చెన కంటే కొంచెం నయం ఆ మెట్లు.

గది వేసింది కొడుకూ కోడలి కోసం. తీరా అయ్యాక నిండుచూలాలు ఆ మెట్లు ఎక్కడమెలా అని అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. దాంతో గది సోమలింగానికి దక్కింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒంటరిగా ఒక గదిలో పడుకున్నది లేదు. మొదటిరోజే కళ్లు ఎర్రగా చేసుకుని కిందికి దిగి వచ్చాడు.

"నిద్ర పడ్తలేదే. మరీ గింత సప్పుడు లేకుంటె ఎట్ల పండుకుంటరు? జర గిన్నెలన్న కిందపడెయ్యి" అన్నాడు.

ఎల్లవ్వ పడీపడీ నవ్వింది. ఇన్నేళ్లు గాలి కూడా చప్పుడు చేయకుండా కాపలా కాసిన ఆడదానికి దక్కిన మెప్పు అది. చలికాలంలో పాప పుట్టింది. ఆ కొద్ది నెలలు ఆ ఇంట్లో సుఖంగా గడిచాయి. కొడుకు కింద, మొగుడు పైన, చంకలో మనవరాలు, ఎల్లవ్వ గర్వంగా గల్లీలో తిరిగింది.

మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి రెండోసారి రోగం ఊరిమీద పడింది. ఈసారి అది లింబాయత్‌లో ఏ గల్లీనీ వదల్లేదు. సోమలింగానికి ఒళ్లు కాగగానే తనే పళ్లెం, చెంబు పైకి తీసుకుపోయి, కిందికి దిగడం మానేశాడు. పాపను నా దగ్గరికి తేవద్దని గట్టిగా చెప్పాడు. ఆసుపత్రుల్లో మంచాలు లేవని అందరికీ తెలుసు. గల్లీ డాక్టరు మాత్రలిచ్చాడు. కొన్నాళ్లకు జ్వరం దిగింది. ఆకలేస్తోందని ఆయనే అడిగి ఒక పూట అన్నం తిన్నాడు. ఇక నాకు నిద్ర కావాలి, ఇన్ని రోజుల నిద్ర బాకీ ఉంది అన్నాడు. గండం గడిచిందని ఎల్లవ్వ మార్కండేయ స్వామికి మొక్కుకుంది.

మర్నాడు పొద్దున నరహరి చాయ్ తీసుకుని పైకి పోయి, అదే చాయ్‌తో దిగి వచ్చాడు. బాపు పండుకున్నడు అన్నాడు. మధ్యాహ్నం ఎల్లవ్వ జావ తీసుకుని ఎక్కింది. ఆయన గోడవైపు తిరిగి, ముఖం మీదిదాకా దుప్పటి కప్పుకుని ఉన్నాడు. భుజం మీద చేయి వేయబోయింది. వేళ్లు దుప్పటిని తాకలేదు, మళ్లీ వెనక్కి వచ్చాయి. కొంచెంసేపు అక్కడే నిలబడి చూసింది. దుప్పటి కదలడం లేదు. ఎన్నాళ్లకో ఒళ్లెరగని నిద్ర పట్టిందనుకుని, గిన్నె మీద పళ్లెం బోర్లించి, ఇనుప మెట్లు మోగకుండా చేత్తో చెప్పులు పట్టుకుని దిగింది.

సాయంత్రం ఆయన లేచే వేళ దాటిపోయాక మళ్లీ పోయి పిలిచింది. అప్పుడు ముఖం మీది దుప్పటి తీసింది. శవాలను తీసుకుపోయే బండితో వచ్చినవాళ్లు, ప్రాణం పోయి చాలాసేపయింది, పొద్దుననో మధ్యాహ్నమో ఎవరు చెప్పగలరు అన్నారు. ఈ రోగంలో మనిషి తెలియకుండానే ఊపిరి తక్కువై మత్తులోకి పోతాడనీ, మేలుకొలిపి ఆక్సిజన్ పెట్టినవాళ్లు కొందరు బతికారనీ తర్వాత గల్లీలో ఎవరో అన్నారు. ఆ మాట అన్నవాడికి నోరెలా వచ్చిందో గానీ, ఆ మాట ఇంట్లోకి వచ్చింది, మళ్లీ పోలేదు.

కర్మలయ్యాక నరహరి ఆల్థాన్ జపం పట్టాడు. ఇక్కడ మోరీ వాసన అన్నాడు, నీళ్లు సరిగ్గా రావన్నాడు, పాపకు గాలి లేదన్నాడు. ఎల్లవ్వ ససేమిరా అంది. ఆ గది గోడల్లో మొగుడు మోసిన ఇటుకలున్నాయి, ఆమె రోజూ ఎక్కి ఊడ్చి వస్తుంది. కొడుకు మాత్రం ఆ మెట్లవైపు కన్నెత్తి చూడడు. వానాకాలమంతా తల్లీ కొడుకులు ఇదే పోట్లాట. ఒకప్పుడు ఆల్థాన్ అడిగిన రుచిత ఇప్పుడు నోరు మెదపలేదు. చివరికి ఒకరోజు ఆ పిల్లే అత్త దగ్గరికొచ్చి ఏడ్చింది. నరహరి నిద్రపోవడం లేదట. పాప పడుకుంటే మాటిమాటికీ లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాడట. చాయ్ తీసుకుపోయిన పూట నేను లేపి ఉంటే బాపు బతికేవాడు, నేనే చంపుకున్నాను అంటాడట.

కొడుకు పారిపోవాలనుకుంటున్నది మోరీ వాసన నుంచి కాదని ఎల్లవ్వకు అప్పటికి అర్థమైంది. లేపకూడదని వాడికి నేర్పింది ఎవరు? పసితనం నుంచి నోటి మీద వేలు పెట్టి నేర్పింది తనే. ఆ దుప్పటి కదలలేదన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కదలలేదంటే అప్పటికే అంతా అయిపోయిందని, ఆయన్ను లేపగలిగిన ఆఖరి మనిషి పొద్దున పోయిన కొడుకేనని అర్థం. అది వాడికి తెలిస్తే బతకడు.

ఆ రోజు పాళీకి బయలుదేరబోతున్న కొడుకును గడపలో కూర్చోబెట్టి, పక్కన కూర్చుంది.

"నరహరీ, నువ్వు చాయ్ తీస్కపోయినప్పుడు బాపు మంచిగనే ఉన్నడురా. మద్దెన్నం నేను జావ తీస్కపోయిన. అప్పుడు గూడ ఊపిరి తీస్తనే ఉండె. దుప్పటి లేస్తుండె, పడ్తుండె. నా కండ్లార చూసిన."

నరహరి తల్లి ముఖం చూశాడు. తర్వాత మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, చావురోజున కూడా ఏడవనంత ఏడ్చాడు. ఆమె వీపు నిమిరింది. పోనీ, బరువు దిగిపోనీ అనుకుంది. ఏడుపు తగ్గాక వాడు ముఖం తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"మరి నువ్వెందుకు లేపలేదే అవ్వా?"

ఎల్లవ్వ వాడి వీపు మీది చేయి తీసుకుంది.

"పండుకున్నడనుకున్నరా" అంది.

వాడు చెప్పులు వేసుకుని పాళీకి పోయాడు. ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడని రుచిత సంతోషంగా చెప్పింది. ఆల్థాన్ మాట మళ్లీ రాలేదు. దీపావళి ముందు పైగదికి సున్నం కొట్టించి, పెళ్లాన్నీ పాపనూ తీసుకుని నరహరి అక్కడికి మారాడు. ఎల్లవ్వ అడిగిందల్లా దొరికింది. ఇల్లు నిలిచింది, కొడుకు కళ్లముందే ఉన్నాడు. వేళకు దిగి వస్తాడు, తింటాడు, ఏమన్నా కావాలా అని అడుగుతాడు, అడిగేటప్పుడు గోడవైపో పళ్లెంవైపో చూస్తాడు. నిజం చెబితే వాడు మళ్లీ తన ముఖం చూసి మాట్లాడతాడని ఆమెకు తెలుసు. అయినా ఇంతవరకూ చెప్పలేదు.