బేరమాడకుండా అమ్మిన రోడ్డు

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుండగా, ఒక వేసవిలో, నన్ను నగరం పడమటి మండలానికి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా బదిలీ చేశారు. ఐటీ కారిడార్ రోడ్లన్నీ ఆ మండలంలోవే. చేరిన కొత్తలోనే పైనుంచి ఒక పని వచ్చింది. ఆదివారం ఉదయం పూట ఒక రోడ్డును కార్లకు, బైకులకు మూసేసి, పిల్లలు ఆడుకోవడానికి, పెద్దలు నడవడానికి, సైకిళ్లకు వదలాలి. ముందు ఒక్క రోడ్డులో ప్రయోగం. కుదిరితే మిగతా చోట్ల. పొగలేని నగరానికి రోడ్డు వెతకడం కోసం నేను డీజిల్ జీపులో బయల్దేరాను.

పుప్పాలగూడలో దొరికింది. ఒక పక్క పెద్ద టవర్ల అపార్ట్‌మెంటు, మరో పక్క పాత ఊరు. సిగ్నల్ తప్పించుకోవాలనుకునే ఆఫీసు కార్లన్నీ ఆ రోడ్డును అడ్డదారిగా వాడుకునేవి. పాత ఊరి పిల్లలకు అదే మైదానం. ఇదివరకు వాళ్లు ఆడుకున్న ఖాళీ జాగాలోనే టవర్లు లేచాయి. స్టంపులకు బదులు ఇటుకలు పెట్టుకునేవాళ్లు. కారు హారన్ వినబడగానే ఇటుకలు చంకన పెట్టుకుని పక్కకు ఉరికేవాళ్లు. ఎప్పుడో ఒకడు ఇటుక కోసం వెనక్కి తిరుగుతాడని నాకు భయంగా ఉండేది.

ఇలాంటి ప్రయోగానికి రోడ్డు పక్కవాళ్ల నుంచి అభ్యంతరం లేదన్న ఉత్తరం తీసుకోవాలి. ఒక్క రాతపూర్వక ఫిర్యాదు వచ్చినా ప్రయోగం రద్దవుతుంది. అపార్ట్‌మెంటుకు సంఘం ఉంది, అధ్యక్షుడున్నాడు. పాత ఊరికి సంఘమూ లేదు, లెటర్‌హెడ్డూ లేదు. కాబట్టి అక్కడ అడగాల్సిన పని లేదనుకున్నాను.

మా నాన్నకు జనగామ బజారులో బట్టల దుకాణం ఉండేది. "మొదటి ధర మనది కాదురా, గిరాకీ కొయ్యనీకి పెట్టేది" అనేవాడు. రెండింతలు చెప్పడం, గిరాకీ మెట్లు దిగుతుంటే వెనక్కి పిలవడం, ఇంజనీరింగు కన్నా ముందు నేను చదివిన చదువు ఇదే. ఉద్యోగంలో కాంట్రాక్టర్లతో ఇదే పనికొచ్చింది. నన్ను మించిన బేరగాడు శాఖలో లేడని నాకో నమ్మకం. శాఖలో ఇంకెవరికీ ఆ నమ్మకం ఉన్నట్టు గుర్తులేదు.

అధ్యక్షుడు వెంకటేశ్వర్రావు గారు బ్యాంకులో పనిచేసి రిటైరైన కోస్తా మనిషి. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. నాకు కావలసింది రోడ్డులో సగం వెడల్పు, రెండు గంటలు. అడిగింది మొత్తం రోడ్డు, ఉదయమంతా. ఆయన కోస్తారు, నేను నిట్టూరుస్తాను, సగం దగ్గర ఆగుతాం.

ఆయన కోయలేదు. "సరేనండి, కానీయండి. బారికేడ్ల దగ్గర మా గార్డుల్ని నిలబెడతాం. మీకు మనుషుల ఖర్చు కూడా ఉండదు" అన్నారు.

చెప్పిన ధరకే చీర కొనేసి వెళ్లిపోయిన గిరాకీని చూసి మా నాన్న రాత్రంతా నిద్రపోయేవాడు కాదు. నేను మాత్రం హాయిగా నిద్రపోయాను.

మొదటి ఆదివారం వైభవంగా మొదలైంది. ఒక చివర కాంక్రీటు దిమ్మెలు అడ్డం పెట్టించాం. పాత ఊరి వైపు చివర, మెయిన్ రోడ్డులో కలిసేచోట, తెరిచి మూసే బారికేడు పెట్టాం. అపార్ట్‌మెంటు కార్లు బయటికి వెళ్లాలంటే అదొక్కటే దారి. అలా వెళ్లే కారు ముందు, నియమం ప్రకారం, ఒక మనిషి నడవాలి. రోడ్డు మీద షటిల్ నెట్లు కట్టారు, చిన్న సైకిళ్లు తిరుగుతున్నాయి, పెద్దలు చాపలు పరిచి ఆసనాలు వేస్తున్నారు. నేను ఫొటోలు తీసి పైకి పంపాను.

ఆ సంతోషంలోనే బారికేడు దాకా నడిచాను. బ్యాటు పట్టుకుని వచ్చిన పాత ఊరి పిల్లల్ని గార్డు ఆపి, "ఏ ఫ్లాటు?" అని అడుగుతున్నాడు. ఫ్లాటు లేనివాళ్లు వెనక్కి పోతున్నారు. వెనక్కంటే మెయిన్ రోడ్డు మీదికి.

మూల మీద ఇడ్లీ బండి పెట్టుకున్న పాత ఊరి సత్తెమ్మ ఇదంతా చూస్తోంది. నన్ను పిలిచింది.

"ఏంది సారూ, రోడ్డు అమ్మినవట? ఎంతకు పోయింది?"

"అమ్మలేదమ్మా. ఉత్తగనే ఇచ్చిన."

"ఉత్తగనా? గింత సదువు సదివి?"

దుకాణదారుడి కొడుకును ఇంతకన్నా గట్టిగా తిట్టే మాట తెలుగులో లేదు.

అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాను. ఆయన కోప్పడలేదు. "మొత్తం రోడ్డు మేమడిగామా ఇంజనీరు గారూ? మీరే ఇచ్చారు. గార్డులకూ మీరే ఒప్పుకున్నారు. పోనీ, మధ్యలో తాడు కట్టేద్దామండి. అటు వాళ్లు, ఇటు మా వాళ్లు. గొడవ వదిలిపోతుంది" అన్నారు.

సగమైనా దక్కుతుందనగానే నా ప్రాణం లేచివచ్చింది. ఆ సగాన్ని గెలుచుకొచ్చినవాడిలా సత్తెమ్మ ముందు పెట్టాను. ఆమె ఇడ్లీ పాత్ర మూత తీస్తూ తలెత్తకుండానే అంది: "కట్టుండ్రి సారూ. మా పోరగాడు ఫోర్ కొడితే, బాలు తాడు కాడ ఆగి పర్మిషన్ అడుగుతదా?"

ప్రయోగం రద్దు చేద్దామంటే రోడ్డు మళ్లీ కార్లకే పోతుంది. పిల్లలు మళ్లీ ఇటుకలు చంకన పెట్టుకోవాలి. ఉంచితే పాత ఊరి పిల్లలకు ఆ ఇటుకలు కూడా మిగలవు. జీపులో కూర్చుని నియమాలు మళ్లీ చదివాను. మూసేది బండ్లకే, మనుషులకు కాదు. బారికేడు శాఖ సొత్తు. దాని దగ్గర ఎవరు నిలబడాలో నిర్ణయించేది డిప్యూటీ ఇంజనీరు. షట్టరు తాళం ఎవరి చేతిలో ఉంటే దుకాణం వాళ్లదని చిన్నప్పటి నుంచి తెలిసినవాడిని, తాళం నా జేబులోంచి తీసి కాఫీకి బదులుగా ఇచ్చి వచ్చాను.

సత్తెమ్మ వాళ్ల పొదుపు సంఘం ఆడవాళ్లను బారికేడు దగ్గర నిలబడమని అడిగాను. ఆమె చేతులు తుడుచుకుంది.

"మేం ఆపితే కారోళ్లు ఆగుతరా? నువ్వు గూడ నిలబడాలె. నీకు పించను వచ్చేదాక ప్రతి ఐతారం."

ఆ ధర నాకు తెలుసు. అది కోయడానికి పెట్టిన ధర. నేను రెండు ఆదివారాలంటే ఆమె నెల అని తేల్చేది. నేను సరేనన్నాను. ఆమె ముఖంలో అనుమానం కనబడింది. "గంతనేనా? ఏందో మతలబు ఉన్నది" అని పక్కనున్నామెతో గొణిగింది.

గార్డులను గేటు లోపలికే పరిమితం చేస్తూ సంఘానికి ఉత్తరం పంపాను. తరువాతి ఆదివారం వెంకటేశ్వర్రావు గారు పట్టుపంచెలో, కారులో, ఏదో గృహప్రవేశానికి బయల్దేరారు. సత్తెమ్మ బానెట్ మీద చెయ్యి పెట్టింది. "ఏ ఫ్లాటు సారూ?"

ఆయన నా వంక చూశారు. నేను బారికేడు బోల్టును అత్యంత శ్రద్ధగా పరీక్షిస్తున్నాను. ఆయన అద్దం దించి ఫ్లాటు నంబరు చెప్పారు. పొదుపు సంఘం మనిషి ఒకామె ముందు నడిచింది. వెనక కారు పెళ్లికూతురిలా కదిలింది. ఆ పక్కనే క్రికెట్ ఆగనే లేదు. బౌలింగు వంతు కోసం టవర్ల పిల్లవాడొకడు పాత ఊరి పిల్లవాడికి సైకిల్ అప్పిచ్చాడు. ఫిర్యాదు ఏదీ రాలేదు. వస్తే అందులో ఆయన ఏం రాయాలో నాకూ తోచలేదు, ఆయనకూ తోచలేదేమో.

నేను మాట ప్రకారం నిలబడ్డాను. మొదటి వారం తప్ప ఆదివారం డ్రైవరుకు సెలవు కనుక, మా ఇల్లున్న బోరబండ నుంచి లోకల్ రైలు, ఆపైన బస్సు. కార్లు వదలమని మా శాఖ ప్రచారం చేసిన ప్రయాణం ఆ విధంగా శాఖలో ఒక్కడికైనా అలవాటైంది. పిల్లలు నన్ను బారికేడు తాత అనేవారు. రిటైరైన మరుసటి ఆదివారం వెళ్లకపోతే సత్తెమ్మ ఫోన్ చేసింది. పించను మంజూరైతేనే ఒప్పందం తీరినట్టట, మంజూరు ఇంకా కాలేదు గదా అంది. ఆమె అన్న మాట నిజమే. మళ్లీ వెళ్లాను.

కొత్తగా చేరిన ఇంజనీర్లు ఎప్పుడైనా అడిగితే ఇదొక్కటే చెబుతాను. బేరం మరీ తొందరగా కుదిరితే, ఆ గదిలో కూర్చోనివాళ్లు ఎవరో ముందు చూసుకోవాలి. ధర కట్టేది వాళ్లే.