మా బండి తాగిన ఆయిల్

మొన్న సూర్యాపేటలో నా బండి సర్వీసింగుకు ఇస్తే, మెడలో కార్డు వేలాడేసుకున్న కుర్రాడొకడు ఇంజన్ వంక కన్నెత్తి కూడా చూడకుండా, చేతిలో ఉన్న ఫోన్ మీద వేలితో గీకి, ఆయిల్ కొంచెం తగ్గుతోంది సార్, అబ్జర్వేషన్‌లో పెడదాం అన్నాడు. దవాఖానలో పెద్ద డాక్టరు ముసలి మనిషి గురించి చెప్పే గొంతు అది. వాడి మీద రావలసిన కోపం రాకుండా మా నాయిన పాత బండి గుర్తొచ్చింది. మన ఈడువాళ్లలో చాలామంది ఇళ్లలో అలాంటిదొకటి ఉండే ఉంటుంది, ఇంటికి ఒక్కటే బండి, వాడుకోవడానికి మాత్రం వంశం మొత్తం.

మాది చివ్వెంల దగ్గరి పల్లె. చదువు ముగించి, ఆ చదువును చూసి ఎవరూ భయపడటం లేదని గమనించి, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో చేరిన కొత్త. కల్లాల వెంట తిరిగి వడ్ల శాంపిళ్లు తెచ్చి సేటుకు చూపించడం నా పని. అర్హత సొంత బండి. డిగ్రీ కాగితం సేటు చూడనే లేదు, టైర్లు చూశాడు. బండి ఉన్నన్నాళ్లు నేను ఉద్యోగిని, అది పోయిన మరునాడు మా చిన్నాయిన ఎరువుల దుకాణంలో బస్తాల మధ్య కూర్చునే మనిషిని. సరిగ్గా అప్పుడే బండి ఆయిల్ తాగడం మొదలుపెట్టింది.

కింద చుక్క కారేది కాదు, ఎక్కడా తడి కనిపించేది కాదు, అయినా ఎంత పోసినా మాయం. వెనక నుంచి మాత్రం పొగ. దోమల మందు కొట్టేవాళ్లు వచ్చారనుకుని ఊళ్లో పిల్లలు వెంటపడేవారు.

ఇక్కడ మా చుట్టాల మర్యాద గురించి చెప్పాలి. బండి అడిగి తీసుకుపోయినవాడు ఊరికే తెచ్చి ఇవ్వకూడదు. పెట్రోలు పోయిస్తే మర్యాదే కాని దానికి ఖర్చవుతుంది, పైగా దాన్ని ఇంకెవడో తగలేస్తాడు. అందుకని మావాళ్లు ఆయిల్ పోసేవారు. ఒక్క సీసా కొని ఇంట్లో పెట్టుకుంటే చాలాకాలం మర్యాదస్తులుగా బతకవచ్చు. స్పీడ్ బ్రేకర్లకు తగులుతోందని నాయిన మెయిన్ స్టాండ్ ఎప్పుడో తీయించేశాడు గనుక, వాకిట్లో సైడ్ స్టాండ్ మీద వాలి ఉన్న బండి దగ్గర చిన్నాయిన వంగి, ఇంజన్ కుడిపక్కనుండే, ఆయిల్ ఎంతుందో చూపే పుల్ల తీసి, పోయినవాడి నాడి చూసినట్టు చూసి, తల అడ్డంగా ఊపి, “జర పోసిన అన్నా, ఎండిపోయింది పాపం” అని నాయినకు వినబడేలా చెప్పి, చాయ్ తాగి వెళ్లేవాడు. మరునాడు మా అక్క మొగుడు, అంటే మా బావ, అదే పుల్ల, అదే తల ఊపడం, అదే చాయ్. నాయిన సంగతి అడగనక్కరలేదు, ఆయన అన్నం తినే ముందు బండికి పోసేవాడు.

సూర్యాపేట మెకానిక్ చెవి పెట్టి విని పిస్టన్ రింగులు పోయాయన్నాడు. కోదాడవాడైన బావకు మా సూర్యాపేట చెవుల మీద నమ్మకం లేక, తమ ఊరి మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన గాలి ఫిల్టరు డబ్బా విప్పాడు. లోపలంతా ఆయిల్. ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న మనిషి గనుక మర్యాదగానే భయపెట్టాడు. “బోరు పోయిందండీ. ఇంజన్ దింపాల్సిందే. బతుకుద్దో లేదో దింపాక చెప్తా.” పుల్ల తీసి చూడటం ఇద్దరికీ నామోషీ. పుల్ల ఎవడైనా చూడగలడు, ఇంజన్ విప్పితే గదా మెకానిక్కు.

ఆ రోజు మా ఇంట్లో సభ జరిగింది. మనిషి పోయిన ఇంట్లో కూడా అంతమంది పోగవ్వరు. చిన్నాయిన తీర్పు చెప్పాడు.

“ఇంజన్ ఇప్పినంక ఇగ ఆ బండి పనికొస్తదా అన్నా? పాత ఇనుముకేసి ఖతం చెయ్యి. పోరడు నా దుకాన్ల కూసుంటడు.”

“నీ దుకాన్లనే పొగ ఎక్కువుంటది చిన్నాయినా, బీడీలది,” అన్నాను. నాయిన తల వంచుకునే, ఆదివారం ట్రాలీ ఆటోలో కోదాడ పంపుదాం, అక్కడ కాదంటే ఇనుముకే వేద్దాం అన్నాడు.

ఆదివారానికి ముందు రోజు, ఆఖరిసారి అనుకుంటూనే మిల్లుకు వెళ్లాను. గేటు దగ్గర అలవాటుగా ఆయిల్ సీసా తీశాను, మన మర్యాద మనం తప్పకూడదు కదా. దారిలో సైడ్ స్టాండ్ స్ప్రింగు తెగిపోవడంతో ఒక హమాలీని పిలిచి హ్యాండిల్ నిటారుగా పట్టుకోమన్నాను. పుల్ల తీస్తే ఆయిల్ దాని మీదున్న పై గీత దాటి ఎక్కడికో పోయింది. తుడిచి మళ్లీ పెట్టి చూశాను, అంతే. హమాలీ కూడా తొంగి చూశాడు. “ఏంది సారూ, బండికి తలంటు పోసిండ్రా?”

అప్పుడు తెలిసింది మా వంశం తెలివి. వాలి ఉన్న బండిలో ఆయిల్ ఎడమకు జారుతుంది, కుడిపక్క పుల్ల ఎండిపోయినట్టే కనిపిస్తుంది. ఎండిందని పోస్తారు, ఎక్కువైంది ఫిల్టరులోకి కక్కుకుంటుంది, అక్కడి నుంచి ఇంజన్‌లోకి పోయి పొగై కాలుతుంది, పొగ చూసి మళ్లీ పోస్తారు. అది తాగుతున్నది రోగంతో కాదు, మొహమాటంతో. కింది బోల్టు వదులు చేసి, గీతల మధ్యకు వచ్చేదాకా ఆయిల్‌ను ఒక ఖాళీ డబ్బాలోకి వంచాను. ఇంటికి చేరేసరికి పొగ పలచబడింది.

ఆదివారం ట్రాలీ వచ్చి నిలబడింది. బండిని నిటారుగా పట్టుకుని బావ చేత పుల్ల చూపించాను, వాల్చి మళ్లీ చూపించాను. బావ పుల్ల తుడిచి తనే మళ్లీ పెట్టి చూశాడు. నాయిన మాత్రం నెమ్మదిగా, “అంటే దానికి ఆకలి లేకున్నా మనమే కొసరి కొసరి తినబెట్టినమన్నట్టు,” అని ట్రాలీని వెనక్కి పంపేశాడు.

చిన్నాయిన కండువా దులుపుకున్నాడు. “మంచిగ సూసుకున్నం గదా, గదే తప్పయింది. ఇగ ముట్టం తియ్.”

అన్న మాట నిలబెట్టుకున్నాడు, జీవితంలో అదొక్కటే. బండి ఇంజన్ విప్పకుండానే బతికింది, మిల్లులో నా పని నిలబడింది, దాంతో నేను పెళ్లిచేసుకుని ఇల్లు కట్టుకునేదాకా వచ్చాను. బండి మళ్లీ అడగడానికి మాత్రం ఎవరూ రాలేదు. తిరిగి ఇచ్చేటప్పుడు చెయ్యవలసిన మర్యాద లేకుండా చేశాక ఏ మొహంతో అడుగుతారు? బావ వాయిదాల మీద కొత్తది కొన్నాడు, చిన్నాయిన కొడుకు ఇంకా పెద్దది కొన్నాడు. నాయిన సాయంత్రాలు వాకిట్లో కూర్చుని, వీధిలో బండి చప్పుడైతే తలెత్తేవాడు. అది ఆగకుండా వెళ్లిపోయేది.

ఇప్పుడు మా వంశంలో మనిషికొక బండి. ఎవరికీ ఎవరితో పని లేదు, పండక్కి ఫోన్‌లో పువ్వుల బొమ్మలు పంపుకుంటాం. ఆ పెద్దమనుషుల తెలివి మీద నాకు అప్పుడూ గౌరవం లేదు, ఇప్పుడూ లేదు. ఒక్కడికైనా పుల్ల చూడటం వస్తే ఒట్టు. కాని వచ్చేవారు.