మా గల్లీ చూడని తరంగం

నాచారంలో మా గల్లీ డ్యాన్స్ టీచరమ్మ మొన్న మంగళవారం పోయింది. ఆ కబురు చెప్పడానికి నేను ఫోన్ చేస్తే, "నీ మజాక్ జర ఆపు" అని తిట్టి పెట్టేసినవాళ్ళున్నారు. నా నోటికున్న పేరు అలాంటిది.

మైకు సెట్లు అద్దెకిచ్చేవాణ్ణి. పదో తరగతి దాటలేదు. నాట్యం గురించి నాకు తెలిసింది తక్కువే, కానీ ఆమె దగ్గర నేర్చుకున్న పిల్లలు ఆడిన ప్రతి ప్రోగ్రాంకీ పాట పెట్టింది నేనే.

పెళ్ళికి ముందు ఆమె కూచిపూడి ఆడుతూ చాలా ఊళ్ళ వేదికలెక్కిందట. భర్తకు ఇక్కడి ఫ్యాక్టరీలో పని దొరకడంతో మా గల్లీకి వచ్చి, మేడ మీద బట్టలారేసిన తీగల కింద పిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. ఎండాకాలం సెలవుల్లో బస్సెక్కి చెంగిచెర్ల, అన్నోజిగూడ దాకా పోయి అక్కడి పిల్లలకూ నేర్పేది. షిఫ్టు దిగి వచ్చిన ఆడవాళ్ళ చేత కోలాటం వేయించేది.

ప్రోగ్రాం అంటే తల్లుల కొట్లాట. ప్రతివాళ్ళకూ తమ పిల్లే ముందుండాలి. అందుకే చరణం మారగానే వెనక వరుస ముందుకొచ్చేలా ఆట కట్టేది. "ముందు వరుస కుర్చీ కాదమ్మా, ఎక్కి కూసుండిపోనీకి" అనేది. ఆ మాట గల్లీ పండగలు నడిపే కమిటీవాళ్ళ చెవిన కూడా పడనీ అని నేను మైకు ఆపకుండా ఉంచేవాణ్ణి.

ఒకసారి రిహార్సల్లో కృష్ణుడి పాట నడుమ బారాత్ బ్యాండు కలిపాను. ఆమె ఆగితే కదా! ఆ దరువుకే కృష్ణుణ్ణి పెళ్ళిగుర్రం ఎక్కించి, పిల్లలందరి చేత ఊరేగింపు తీయించింది. అయిపోయాక నా దగ్గరికొచ్చి, "తాళం తప్పలే తమ్మీ. మళ్ళొకసారి జర గట్టిగ సూడు" అంది. ఆటపట్టించడంలో నేను ఓడిపోయింది ఆమె ఒక్కతి దగ్గరే.

ఇంతమందిని ఆడించిన మనిషి మా ముందు ఎన్నడూ ఆడలేదు. మా వేదిక మీద ఒక్కసారి తరంగం ఆడాలని ఆమెకు కోరిక. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, నెత్తిన పెట్టుకున్న చెంబులో నీళ్ళు తొణకకుండా ఆడే ఆట అది. ఒక దసరాకు తనే కమిటీ దగ్గరికి వచ్చి అడిగింది. రాష్ట్రం కోసం జనం రోడ్లెక్కుతున్న రోజులవి. కమిటీ పెద్ద కాసేపు నసిగి, "గది ఆంధ్రోళ్ళ ఆట టీచరమ్మా. ఇప్పుడు పెడితె పోరగాండ్లు లొల్లి జేస్తరు. రాష్ట్రం రానియ్యి, ఫస్ట్ ప్రోగ్రాం నీదే" అన్నాడు.

"నేను పుట్టింది నల్లగొండ దిక్కు అన్నా. ఆడే కాళ్ళు నావే గద?"

నేను ఊరుకోలేక, "ఆ పళ్ళెం ఏ జిల్లాల కొన్నదో గూడ అడుగున్రి" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. కోపంతో అన్న మాట. నా నోటి నుంచి రావడంతో జోకైపోయింది. అదే ఇంకెవరైనా అనుంటే కాస్త ఆలోచించేవాళ్ళేమో. ఆమె కూడా నవ్వి, బతుకమ్మ ఆడేవాళ్ళకు వరుసలు సరిచేయడానికి లేచి వెళ్ళింది.

ఆ తర్వాత కూడా పొద్దున్నే మేడ మీద పళ్ళెం ఎక్కేదట. మమ్మల్ని మాత్రం చూడనిచ్చేది కాదు. "స్టేజి మీదనే సూద్దురు గని" అనేది.

రాష్ట్రం వచ్చింది. టపాసులు కాల్చాం. కమిటీ పెద్ద ఇచ్చిన మాట మరవలేదు, అది ఒప్పుకోవాలి. నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, "ఇగ ఎక్కు టీచరమ్మా, స్టేజి నీదే" అన్నాడు.

ఆమె గోడ పట్టుకుని లేచింది. "రాష్ట్రమొచ్చింది గని, మోకాళ్ళు పోయినయన్నా."

ఆయన తలదించుకున్నాడు. ఆమే నా వైపు తిరిగి, "ఏంది తమ్మీ, నీ నోరు గూడ పోయిందా?" అంది.

ఉద్యమం ఆగలేదు, వయసూ ఆగలేదు. మేం ఆగమన్నందుకు ఆగింది ఆమె ఒక్కతే.

మంగళవారం గల్లీ అంతా వచ్చింది. కాళ్ళకు పసుపు రాస్తున్న శిష్యురాలు ఉన్నట్టుండి చేయి ఆపింది. రెండు అరికాళ్ళకూ నడిమధ్యన అడ్డంగా, ఏళ్ళ తరబడి పళ్ళెం అంచు ఒరుసుకుని కాయకట్టిన గాడి. కమిటీ పెద్ద వంగి చూశాడు. ఒకరి భుజం మీదుగా ఒకరం మేమంతా చూశాం. పసుపు ఆ గాడిలోకి దిగి, సన్నటి తీగలా నిలిచింది.