బొట్టు పైకే ఉండాల

మా పెద్దక్క పోయిందని మేడమ్ వంటగది గుమ్మంలో నిలబడి చెప్పింది. పొద్దున్న తొమ్మిదయ్యుంటుంది. నేను గిన్నెలో పురుగులు వేసి వాటికి కాల్షియం పొడి పట్టిస్తున్నాను. గిన్నె కింద పెట్టలేదు. పొడి పట్టించడం పూర్తి చేసి, తీసుకెళ్లి బల్లులకు వేసి, అప్పుడు కూలబడ్డాను. నాలుగు రోజుల కిందట ఆసుపత్రికి వెళ్తూ అక్క ఆ పని నాకు అప్పజెప్పింది మరి.

పెద్దక్క నా తోడబుట్టినది కాదు. కడప వైపు మనిషి. ఈ అరబ్బు దేశంలో, అల్ మవాలేలో ఉన్న ఈ ఇంట్లో తొమ్మిదేళ్లుగా వంట చేసింది. నేను కోనసీమ నుంచి వచ్చి నాలుగేళ్లయింది, ఇల్లు తుడవడం, బట్టలు చూసుకోవడం నా పని. ఇద్దరిదీ ఒకే గది. వచ్చిన కొత్తలో నేను దుప్పటి ముసుగేసుకుని ఏడుస్తుంటే పళ్లెంలో అన్నం కలిపి తెచ్చి ముందు పెట్టింది. తిన్నాక ఏడుపు రాలేదు.

బల్లులంటే గోడ మీద తిరిగేవి కాదు. లెపర్డ్ గెకోలంటారు. పసుపుపచ్చ ఒళ్లు, నల్లచుక్కలు, కొవ్వు దాచుకునే లావాటి తోక. మేడమ్ కూతురు ముచ్చటపడి కొనుక్కుంది, ఒక మగది, రెండు ఆడవి. చదువుకి వేరే దేశం వెళ్తూ వాటిని పెద్దక్క చేతిలో పెట్టింది. మొదట్లో వాటిని ముట్టుకున్న ప్రతిసారీ ఈవిడ తలస్నానం చేసేది. రోజుకు రెండు, ఒక్కోసారి మూడు స్నానాలు. జుట్టు ఆరక జలుబు పట్టుకుంది. నేను ఆటపట్టిస్తే కసిరేది. నెల గడిచాక తనే తీర్పు చెప్పేసింది. “ఇవి గోడెక్కలేవు, మనమీద పడలేవు. ఇంగ దోషం యాడిది మే?” నిజమే, గోడను పట్టుకునే మెత్తలు వాటి కాళ్లకు లేవు. ఆ రోజుతో స్నానాలు ఆగిపోయాయి, జలుబూ తగ్గింది.

అవి గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక ఆవిడ హడావిడి చూడాలి. కాన్పు అనేది దాన్ని. ఒక్కో కాన్పుకి రెండేసి గుడ్లు. తడి కొబ్బరిపొట్టు నింపిన డబ్బాలో పెడతాయి. మా ఊళ్లో గుట్టలుగా పారబోసే పొట్టు ఇక్కడ ప్యాకెట్లలో అమ్ముతుంటే నేను నోరెళ్లబెట్టాను. పిండితే చుక్క రాలకూడదు, తాకితే చెమ్మ తగలాలి, అదీ ఆవిడ కొలత. గుడ్డును పెట్టినది పెట్టినట్టే, రవ్వంత కూడా తిప్పకుండా ఎత్తి, మూతకి చిల్లులున్న ఇంకో డబ్బాలోకి మార్చేది. లోపల పిల్ల పైవైపు అతుక్కుని ఉంటుందట, గుడ్డు తిరగబడితే బతకదట. పైవైపుకి గుర్తుగా పెన్సిల్ గీత పెట్టమని మేడమ్ కూతురు చెప్పి వెళ్లింది. పెన్సిల్ దొరక్క పెద్దక్క తన పెట్టెలోంచి తిలకం సీసా తీసింది. మొగుడు పోయాక తను పెట్టుకోవడం మానేసిన తిలకం. అప్పటి నుంచి ప్రతి గుడ్డుకీ ఎర్ర బొట్టే.

ఆ గుడ్లకు ఏసీ చలి పడదు. మా గది ఏసీ నిరుడు చెడిపోతే మేడమ్‌కి చెప్పనివ్వలేదు. గుడ్ల డబ్బా మా గది అలమరలో, పక్కనే థర్మామీటర్. వేడి మరీ ఎక్కువైతే తలుపు బార్లా తీసేది. ఉక్కకి నేను సణిగితే విసనకర్ర ఇచ్చేది.

పోయిన ఏడు ఒక పిల్ల గుడ్డు చీల్చుకుని మెడ దాకా వచ్చి ఆగిపోయింది. గంట చూశాను, కదల్లేదు. లాగుదామని చెయ్యి పెట్టబోతే పెద్దక్క నా మణికట్టు మీద ఒక్కటిచ్చింది. “లోపల దాని సొన ఇంకా మిగిలుంటాది, తాగినాక వస్తాది. నువ్వు లాగినావంటే పాయె. చేతులు తొడల కింద పెట్టుకోని కూసో.” అలాగే కూర్చున్నాను. సాయంత్రానికి అదే వచ్చింది.

ఈ ఏడు ఒక ఆడబల్లి తోక సన్నబడింది. మేడమ్ కూతురు ఫోన్ చేసి మగదాన్ని మళ్లీ కలపమంది. పెద్దక్క ఎన్నడూ ఆ పిల్ల మాట కాదనలేదు, ఆ రోజు కుదరదని చెప్పేసింది. ఒంట్లో ఉన్నదంతా గుడ్లకే పోసింది, ఇక ఈ ఏడు దాని జోలికి పోకూడదంది. మగదాన్ని వేరే తొట్టిలో పెట్టింది. ఈ బక్కదానికి మాత్రం రోజూ తన చేత్తో ఒక్కొక్క పురుగే తినిపించేది.

అవే రోజుల్లో ఆవిడ తన జాకెట్లకు రెండుసార్లు కుట్లు బిగించుకుంది. నేనే సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను. కడుపునొప్పంటే వాము నీళ్లు తాగేది. గ్యాసంటే నమ్మాను. బల్లి తోక సన్నబడితే ఇల్లంతా మాట్లాడుకున్నాం, వంట చేసే మనిషి చిక్కిపోతే ఎవరం చూడలేదు. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. వంటగదిలో పడిపోయాక గానీ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. లోపల చీము పట్టి పాకిపోయిందన్నారు. రెండో రోజు ఫోన్లో నాతో మాట్లాడింది. నీకెలా ఉందక్కా అని అడిగాను. “ఆ రెండు గుడ్లు తిప్పొద్దు మే. బొట్టు పైకే ఉండాల.” అంతే. ఆ బక్కతల్లి చివరి కాన్పు గుడ్లవి.

శవాన్ని విమానంలో ఊరికి పంపిన రోజు నేను గదికొచ్చి మైల కడగడం మొదలుపెట్టాను. మా వైపు అంతే కదా. పట్టి ఉంచిన నీళ్లు పారబోశాను, పక్కబట్టలు నానేశాను, నేలంతా పసుపునీళ్లు చల్లాను. అలమర కడగాలని డబ్బా పక్కకి లాగాను. తడిచేతిలో జారింది. పట్టుకున్నాను గానీ ఏటవాలుగా పట్టుకున్నాను. గుడ్లు రెండూ దొర్లిపోయాయి. బొట్లు కనబడలేదు.

పోయేముందు ఫోన్లో ఒక్కటంటే ఒక్కటే చెప్పింది నాకు. ఆ ఒక్కటీ చెయ్యలేకపోయాను. తడినేల మీద కూర్చుని రెండిటినీ మళ్లీ బొట్టు పైకొచ్చేలా సర్దాను. ఏడుపు కూడా భయంభయంగా ఏడ్చాను, డబ్బా కదులుతుందని.

పదిరోజులకి ఒకటి లోపలికి కుంగి, బూజు పట్టి, వాసనేసింది. దాన్ని పెరట్లో బోగన్‌విల్లా మొదట్లో పాతిపెట్టాను. రెండోదాని మీదే నా ప్రాణం పెట్టుకున్నాను. ఫోన్ లైట్ పెట్టి చూస్తే ఒకరోజు ఎర్రటి నరాలు కనబడేవి, ఒకరోజు నలుపు తప్ప ఏమీ కనబడేది కాదు. ఈలోపు మేడమ్ మా గదిలోకి వచ్చి, ఆ ఉక్క చూసి నిర్ఘాంతపోయింది. ఒక్కమాట తనతో అని ఉంటే అని చాలాసేపు బాధపడింది. మర్నాడే ఏసీ బాగుచేసే మనిషిని పిలిపించింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, గుడ్డు సంగతి తేలేదాకా ఏసీ వద్దని ఆవిడ చేతులు పట్టుకున్నాను. పిచ్చిదాన్నని అనుకుందేమో, వదిలేసింది.

ఆ గుడ్డు పెట్టి నిన్నటికి యాభై రెండో రోజు. పొద్దున్నే గుడ్డు చెమటపట్టి, ఒకపక్క సొట్టపడింది. పిల్ల వచ్చేముందూ గుడ్డు అలాగే సొట్టపడుతుంది, చచ్చినా అలాగే. వంట నా చేతికొచ్చింది కదా, అన్నం వండేసి పరిగెత్తుకొచ్చాను. మధ్యాహ్నం గుడ్డు చీలింది. చిన్న మూతి, తర్వాత తల, తర్వాత మెడ. అక్కడ ఆగిపోయింది. కన్ను ఒక్కసారి మూసి తెరిచింది.

మేడమ్ రెండుసార్లు పిలిచింది. లేవలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని దాని ముందు కూర్చున్నాను. దాని మెడ పక్కనే, చిరిగిన పొర అంచున, పెద్దక్క పెట్టిన బొట్టు ఎర్రగా ఉంది.