కత్తి పడని ఎద్దు

2023 జూన్. అప్పటికి కొన్నేళ్లుగా చర్ల వైపు పశువైద్యాధికారిగా పనిచేస్తున్నాను. మాది నేలకొండపల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం. పీజీలో నేను చదివింది వెటర్నరీ ఇంటర్నల్ మెడిసిన్. కత్తి పట్టకుండా, పశువు లోపల ఏం జరుగుతోందో పైకి కనిపించే గుర్తులను బట్టి తెలుసుకుని మందులతో నయం చేసే విభాగం అది. పశువు తన బాధ చెప్పుకోలేదు. అందుకే మా పనిలో సగం ఊహ, మిగతా సగం ఆ ఊహను అనుమానించడం.

ఆ విభాగం నిపుణుల వార్షిక సదస్సు ఆ ఏడాది హైదరాబాద్‌లో జరిగింది. మొదటి రోజంతా కుక్కలకు డయాలసిస్ గురించి, పిల్లులకు గుండె స్కానింగ్ గురించి విన్నాను. నాకు తెలియని విషయాలు కావడంతో శ్రద్ధగా రాసుకున్నాను. రెండో రోజు పొద్దున నా వంతు. మా అడవి పల్లెల్లో పిడుదుల వల్ల దుక్కిటెద్దులకు వచ్చే రక్తహీనత మీద మాట్లాడాలి. చీర కుచ్చిళ్లు సర్దుకుని ముందు వరుసలో కూర్చున్నాను. ఇంకో ఇద్దరి తర్వాత నన్ను పిలుస్తారనగా ఫోన్ వణికింది.

రామారావు గారు. ఆయన మా దగ్గర గోపాలమిత్ర. ఊరూరా తిరిగి పశువులకు సూదులు వేస్తూ, చూలు కట్టిస్తూ ఉంటారు. నేను సదస్సులో ఉన్నానని ఆయనకు తెలుసు. తెలిసీ చేశారంటే మామూలు విషయం కాదు. ఫోన్ పట్టుకుని వరండాలోకి వచ్చాను.

"మేడం, ఇప్పగుంపుల ఒక ఎద్దు చచ్చిపోయింది," అన్నారాయన. గుంపు అంటే మా వైపు చిన్న కోయ పల్లె. ఈ ఊరి పేరు మాత్రం మార్చి రాస్తున్నాను. "రాత్రి మంచిగనే ఉందట. పొద్దుగాల మేతకు తోలిండ్రు. గుట్ట కింద పడి ఉంది. ముక్కుల నుంచి నల్లగ నెత్తురు కారుతుంది మేడం."

"నెత్తురు గడ్డ కట్టిందా?"

"లేదు. అట్లనే కారుతుంది."

"ఈ మధ్య ఇంకేమైనా చచ్చాయా ఆ ఊళ్లో?"

"మొన్న ఒక ఆవు. ముసల్ది అని ఎవరికి చెప్పలే. కోసుకుని పంచుకున్నరు. ఇప్పుడు దీన్ని గూడ కోస్తమని కత్తులు తెచ్చుకున్నరు. రేపు విత్తనాల పండుగ గద, కూర గావాలె."

ఆంత్రాక్స్ అనే మాట మనసులోకి వచ్చింది. మన పల్లెల్లో దొమ్మ అంటారు. ఆ జబ్బుతో చచ్చిన పశువును కోస్తే, దాని నెత్తురులోని సూక్ష్మక్రిములు గాలి తగలగానే స్పోర్లుగా మారతాయి. స్పోర్ అంటే క్రిమి తన చుట్టూ కట్టుకునే గట్టి పెంకు లాంటిది. ఆ రూపంలో అది మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటుంది. కోసినవాళ్లకు, తిన్నవాళ్లకు, ఆ నేల మీద మేసే పశువులకు కూడా ప్రాణాపాయమే.

"నేను చెప్పేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ఫొటోలు పంపండి," అన్నాను.

ఫొటోలు రావడానికి చాలాసేపు పట్టింది. ఆ సెషన్‌కు అధ్యక్షత వహిస్తున్న ప్రొఫెసర్ గారు టీ విరామంలో బయటికి వచ్చారు. పీజీలో నాకు పాఠాలు చెప్పినవారే. నా ముఖం చూసి దగ్గరికి వచ్చారు. ఫొటోలు చూపించాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి ఒక్కొక్కటే పెద్దది చేసి చూశారు.

"రాత్రి అక్కడ ఉరుములు, మెరుపులు ఉన్నాయా?"

"ఉన్నాయని రామారావు గారు ఫొటోలతో పాటు రాశారు సార్. తెల్లవారుజామున కూడా."

"మరి పిడుగు ఎందుకు కాకూడదు? పిడుగు పడ్డా పశువు ఇలాగే ఉన్నపళంగా చస్తుంది, ముక్కులోంచి నెత్తురు రావచ్చు. పాముకాటు కావచ్చు. గొంతువాపు కావచ్చు."

ఆయన చెప్పేది డిఫరెన్షియల్ డయాగ్నసిస్. ఒకే రకంగా కనిపించే జబ్బులన్నిటినీ పక్కపక్కన పెట్టి, సరిపోని వాటిని కొట్టేసుకుంటూ రావడం. చెవి నరం నుంచి ఒక్క చుక్క నెత్తురు తీసి మైక్రోస్కోపు కింద చూస్తే తేలిపోతుంది. కానీ మైక్రోస్కోపు నా ఆసుపత్రిలో ఉంది. ఎద్దు అడవిలో ఉంది. మధ్యలో ఒక వాగు, ఒక అధ్వానపు బాట.

"దొమ్మ అని నోటితో అన్నాక ఆ మాట వెనక్కి తీసుకోలేవు," అన్నారాయన నెమ్మదిగా. "ఊరు బెదిరిపోతుంది. రేపు అది పిడుగని తేలితే నిన్ను మళ్లీ నమ్మరు."

"అనకపోతే ఇప్పుడే కోస్తారు సార్."

నేను ఫోన్ చేశాను. ఎద్దు పడ్డ గుట్ట వాలులో సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది. మూడోసారికి రామారావు గారు ఎత్తారు. స్పీకర్ పెట్టి ఎద్దు యజమానికి ఇమ్మన్నాను. ఆమె పేరు లచ్చమ్మ. భర్త లేడు. మరిది జోగయ్యతో కలిసి పోడు చేసుకుంటుంది. ఆ ఎద్దుకు గతేడాది నేనే కాలి పుండు కట్టాను.

"ఏంది డాక్టరమ్మ," అంది. "నా ఎద్దును నన్ను కోసుకోనియ్యవా? దుక్కి దున్నే యాల్లకు ఎద్దు పాయె. కూర గూడ పారెయ్యాల్నా?"

"అక్కా, దొమ్మ అయి ఉండొచ్చని నా అనుమానం."

"దొమ్మ గాదు. పిడుగు పడ్డది. మేమందరం ఇన్నం ఉరుము."

"అయి ఉండొచ్చు. నాకు ఖాయంగా తెలియదక్కా. నేను దూరంలో ఉన్నా. నెత్తురు పరీక్ష చేస్తే గానీ చెప్పలేను. పిడుగు అయితే మీకు పోయేది కూర. దొమ్మ అయితే పోయేది మనుషులు. నాకు తెలిసింది ఇంతే."

అటు నుంచి కోయ భాషలో మాటలు వినబడ్డాయి. కొన్ని గొంతులు కోపంగా ఉన్నాయి. నాకు అర్థం కాలేదు. అప్పుడు నేను అడగాల్సిన ప్రశ్న అడిగాను.

"మొన్న ఆవును కోసింది ఎవరక్కా?"

మాటలు ఆగిపోయాయి. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. గాలి చప్పుడు మాత్రం వినిపిస్తోంది. చివరికి లచ్చమ్మే అంది, "ఎందుకు? ఆవును కోసినమని క్యాంపుల పోలీసోళ్లకు చెప్తవా?"

"పోలీసులతో నాకేం పనక్కా. కోసినాయన చేతులు చూడాలె. పొక్కులేమన్నా లేచినయా?"

తర్వాత ఒక మగ గొంతు, ఫోన్‌కు దూరంగా. జోగయ్య.

"ముంజేతి మీద ఒకటి లేచింది. పురుగు కుట్టింది గావచ్చు."

"నొప్పి ఉందా?"

"నొప్పేం లేదు. దురద. నడుమల నీళ్లు పట్టినట్టుంది."

నేను ప్రొఫెసర్ గారి వంక చూశాను. నొప్పి లేకపోవడమే ఇక్కడ భయపడాల్సిన సంగతి. మామూలు సెగ్గడ్డ నొప్పి పెడుతుంది. ఆంత్రాక్స్ పొక్కు దురదతో మొదలై, నొప్పి లేకుండానే నల్లగా మారుతుంది. ఆయనా విన్నారు. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "ఇక అనుమానం పెట్టుకోకు. వాళ్లను ఆపు," అన్నారు.

"అన్నా, అది పురుగు గాదు," అన్నాను. "ఎవరూ ఎద్దును ముట్టొద్దు. కుక్కల్ని రానియ్యొద్దు. మొన్నటి కూర మిగిలితే తినొద్దు. నువ్వు జల్దీ దవాఖానాకు..."

లైన్ తెగింది. మళ్లీ చేశాను. స్విచ్డ్ ఆఫ్. ఇంకోసారి. అదే మాట. నేను చెప్పిన దానిలో ఎంత వాళ్ల చెవిన పడిందో తెలియదు. పక్క హాల్లో మైకులో నా పేరు పిలిచారు.

నేను లోపలికి వెళ్లలేదు. ప్రొఫెసర్ గారు వెళ్లారు. నా పదిహేను నిమిషాలూ తానే తీసుకుని వేదిక మీద నిలబడి, ఇప్పుడే విన్నదంతా ఉన్నదున్నట్టు హాలుకు చెప్పారు. టీకాలు తయారుచేసే చోట పనిచేస్తున్నవారు ఎవరైనా ఉంటే లేవమన్నారు. వెనక వరుసలో ఒకామె లేచారు. నేను మండల ప్రభుత్వ దవాఖానా డాక్టరుకు, మా పై అధికారులకు ఫోన్లు చేసేలోగా ఆమె కూడా ఎవరెవరితోనో మాట్లాడారు. మధ్యాహ్నం కిరాయి కారులో బయలుదేరేటప్పుడు నా ఒళ్లో టీకాల ఐస్‌పెట్టె ఉంది.

ఆ ప్రయాణంలో నాకు గుర్తున్నది రోడ్డు కాదు, ఫోనే. రామారావు గారి నంబరుకు చేస్తూనే ఉన్నాను. కోసేశారేమో అనుకునేదాన్ని. కోసి, పంచుకుని, పొయ్యిల మీద పెట్టారేమో. జోగయ్య చేతిని తలచుకున్నప్పుడల్లా నా ముంజేతిని నేనే తడుముకునేదాన్ని. పాల్వంచ దగ్గర పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది.

"కోయలేదు మేడం," అన్నారు రామారావు గారు. చార్జింగ్ అయిపోయి, చర్ల దాకా వచ్చి చేస్తున్నారు. "ఫోన్ పోయినంక చాలాసేపు లొల్లి అయింది. కోద్దామని కొందరు మీదికొచ్చిండ్రు. లచ్చమ్మ కట్టె పట్టుకుని ఎద్దు పక్కన కూసుంది. నా ఎద్దు, ముట్టుకుంటే ఊరుకోనన్నది. ఇప్పటికీ అక్కడనే ఉంది. జోగయ్య దవాఖానాకు రేపు పోతనన్నడు."

కారు ఆపించి కాసేపు దిగి నిలబడ్డాను.

మర్నాడు పొద్దున వాగు దాటి వెళ్లేసరికి ఆమె అక్కడే ఉంది. పక్కన నెగడు ఇంకా పొగ చిమ్ముతోంది. ఎద్దు ఉబ్బి ఉంది, కానీ కాళ్లు బిగుసుకోలేదు. మామూలుగా చచ్చిన పశువు కొన్ని గంటల్లో కట్టెలా బిగుసుకుంటుంది. దొమ్మలో అలా జరగదు. గ్లవుజులు, మాస్కు వేసుకుని చెవి నరం నుంచి చుక్క నెత్తురు గాజు పలక మీద తీసుకున్నాను. జేసీబీ రాలేని చోటు కావడంతో ఊరివాళ్లే పక్కన లోతుగా గొయ్యి తవ్వారు. ముక్కు, నోరు మందు దూదితో మూసి, ఎద్దును కింది మట్టితో సహా దించి, సున్నం పోసి పూడ్చాం.

అంతకంటే కష్టమైన పని తర్వాత వచ్చింది. మొన్నటి ఆవు మాంసంలో కొంత పొయ్యిల మీద వేలాడుతూ ఎండుతోంది. దాన్నంతా తెచ్చి కాల్చేయాలి. వానాకాలపు తిండి అది. ఇమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. లచ్చమ్మే తన ఇంట్లోకి వెళ్లి, కట్టిన తునకల దండ కర్రతో పట్టుకొచ్చి మంటలో వేసింది. కాసేపటికి పక్కింటివాళ్లు తెచ్చారు. తర్వాత అందరూ తెచ్చారు.

జోగయ్య చేతి పొక్కు మధ్యలో అప్పటికే నల్లబడింది. "చేయి తీసేస్తరా డాక్టరమ్మ?" అని అడిగాడు.

"తీయరు. మందు ఉంది. కానీ ఇయ్యాలే పోవాలె."

మండల డాక్టరు తన మనుషులతో వచ్చి మాంసం తిన్నవారందరికీ మందులిచ్చి, జోగయ్యను భద్రాచలం ఆసుపత్రికి తీసుకెళ్లారు. నేను టీకాలు మొదలుపెట్టాను. సాయంత్రం ఆసుపత్రికి వచ్చి పలకకు రంగు వేసి మైక్రోస్కోపులో పెట్టాను. నీలి రంగు కడ్డీలు వరసగా, చుట్టూ గులాబీ పొర. దొమ్మే. నేను చెప్పింది నిజమైందన్న సంతోషం ఏమీ కలగలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాను.

ఆ వారంలో ఇంకో రెండు పశువులు పోయాయి. మనుషులెవరూ పోలేదు. జోగయ్య ముంజేతి మీద మచ్చ మాత్రం మిగిలింది.

నెల దాటాక మందలను చూడటానికి మళ్లీ వెళ్లాను. లచ్చమ్మ చేనులో పక్కింటివాళ్ల ఎద్దును తన ఒంటి ఎద్దుకు జత కట్టి జోగయ్య దున్నుతున్నాడు. ఆమె గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగాను.

"ఆ రోజు ఫోన్‌లో నాతో అంత కొట్లాడి, మళ్లీ నువ్వే ఎందుకు కాపలా కూసున్నవక్కా?"

"నీకు తెల్వదని చెప్పినవు గద," అంది. "ఈడికి వచ్చేటోళ్లంత అన్ని తెల్సినట్టే చెప్తరు. చెప్పి పోతరు. తెల్వదన్నది నువ్వొక్కదానివే. గంత దూరం నుంచి తెల్వదని చెప్పి, ఐనా బతిలాడుతున్నవంటే ఏదో ఉందనుకున్న."

అప్పటిదాకా రోగి ముందు వైద్యుడు తడబడకూడదనే నేర్చుకున్నాను. ఖాయంగా చెప్పలేనప్పుడు కూడా గొంతు ఖాయంగా ఉండాలనుకునేదాన్ని. ఇప్పుడు ఏ ఊళ్లో ఏ పశువు ముందు నిలబడ్డా, నాకు తెలిసింది ఇది, తెలియనిది ఇది, భయపడుతున్నది దీనికి అని మూడూ విప్పి చెబుతాను. వినేవాళ్లు ఎక్కువసేపు ఆలోచిస్తారు, ఎక్కువ ప్రశ్నలు వేస్తారు. కొన్నిసార్లు నా మాట కాదంటారు కూడా. కానీ ఒప్పుకున్నాక, నేను అక్కడ లేకపోయినా ఆ మాట మీద నిలబడతారు.