ఉషక్కతో రిహార్సల్

ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గర ఒక చిన్న కాలేజీలో శశికళది అడ్మిషన్ల కౌంటర్. పక్కనే, పిల్లల ఫీజులకు సాయం చూసే ఫైనాన్షియల్ ఎయిడ్ కౌంటర్లో ఉషక్క, వరంగల్ మనిషి. శశికళకు కారు నడపడం రాని మొదటి చలికాలమంతా మంచులో ఇంటి ముందుకొచ్చి హారన్ కొట్టి ఎక్కించుకుపోయింది ఆవిడే. ఈ ఉద్యోగం చూపించిందీ ఆవిడే.

కార్ల కంపెనీలు కుదేలైన ఏడాది, కాలేజీల్లో పనిచేసే ఆడవాళ్లను నాయకులుగా తీర్చిదిద్దుతామంటూ ఒక శిక్షణ మొదలైంది. నెలకో శుక్రవారం. "నాకు ఓపిక లేదే, నువ్వు పో. నువ్వు పెద్ద కుర్సీల కూసుంటే నాకే మంచిది" అని శశికళ పేరు ఇచ్చింది ఉషక్క. పాపం, నిజంగా అలాగే అనుకుంది.

శిక్షణలో మంచి మాటలే చెప్పారు. తలెత్తి మాట్లాడమన్నారు, చేసిన పని నేను చేశానని చెప్పుకోమన్నారు. చివర్లో తలా ఒక ప్రాజెక్టు. పిల్లలు రెండు కౌంటర్ల మధ్య కాళ్లరిగేలా తిరుగుతున్నారు, రెండూ కలిపేస్తే సరిపోతుందని రాసింది శశికళ. ఎక్కడ ఎందుకు ఆలస్యమవుతోందో విడమరిచి చెప్పింది ఉషక్కే. ఇంకో హోంవర్క్, చేదు కబురు ముఖం మీద చెప్పడం. లంచ్ రూమ్‌లో ఉద్యోగం ఊడిన మనిషి వేషం ఉషక్క వేసింది. "పులిహోర తినుకుంట గాదు, నా కండ్లల్ల చూసి చెప్పు" అని గదమాయించింది. దొంగ ఏడుపు ఏడ్చి టిష్యూ అడిగింది. ఇద్దరూ నవ్వలేక చచ్చారు.

ప్రాజెక్టు వైస్ ప్రెసిడెంట్‌కు తెగ నచ్చింది. బడ్జెట్ కోతల రోజుల్లో నచ్చక ఏం చేస్తుంది! రెండు కౌంటర్లూ ఒకటవుతాయన్నారు. శశికళ డైరెక్టర్. ఒక ఉద్యోగం తగ్గాలి, అది ఉషక్కది. ఆ సంగతి కొత్త డైరెక్టరే చెప్పాలి, కుదరదంటే డైరెక్టర్ ఇంకొకరవుతారు. భర్త లోకేష్ ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్నాడు. శశికళ సరేనంది. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. కోపమూ రాలేదు. చలికి వేళ్లు కొంకర్లు పోయినట్టు లోపలంతా మొద్దుబారింది. ఉషక్క మాత్రం, డైరెక్టర్ మన శశే కదా అని నిశ్చింతగా ఉంది.

సోమవారం శశికళ ఆవిడను తన కొత్త గదిలోకి పిలిచి తలుపు వేసింది. కళ్లలోకి చూసింది.

"ఉషక్కా, నీకో కష్టమైన సంగతి చెప్పాలి. ఈ నెలాఖరుకి నీ పొజిషన్ ఎలిమినేట్ చేస్తున్నాం."

గొంతు వణకలేదు. నేర్చుకున్నట్టే చెప్పింది.

"ఏందే, ట్రైనింగ్ అయిపోయిందన్నవ్ గదా? మళ్ల హోంవర్కా?" ఉషక్క నవ్వి కుర్చీలో సర్దుకుంది. "ఈసారి మస్తు చెప్పినవ్." ముక్కు చీదినట్టు చేసి, దొంగ ఏడుపు మొదలుపెట్టి చెయ్యి చాపింది.

శశికళ టిష్యూ డబ్బా ఆవిడ వైపు జరిపింది.

"నిజంగానే అక్కా."

ఉషక్క చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది. "అయితే మంచిగనే నేర్పిన నీకు" అంది.

శశికళకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు.