మావయ్య పట్టిన నెమలి

ఇంటర్న్‌షిప్‌లో అందరూ ఏదో ఒక తప్పు చేస్తారు. ఒకడు కంప్యూటర్ మీద టీ ఒలకబోస్తాడు, ఇంకొకతె స్నేహితురాలికి రాసిన మెయిల్ మేనేజర్‌కి పంపుతుంది. అలాంటి బుజ్జి తప్పులు నా మొహాన రాసిపెట్టలేదు. నేను తయారుచేసిన మొట్టమొదటి రిపోర్టు చదివి, ఖాకీ బట్టలేసుకున్న ఒకాయన మా ఆఫీసుకి వచ్చాడు. ఎందుకొచ్చాడో చెప్తాను. మీరు నవ్వుకోండి. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను విశాఖపట్నంలో డేటా సైన్స్ ఎమ్మెస్సీ చదివాను. ఆఖరి సెమిస్టర్ అంతా ఏదైనా సంస్థలో పనిచేయాలి. అక్కడి మేనేజర్ ‘బాగా చేసింది’ అని సంతకం పెడితేనే డిగ్రీ చేతికొస్తుంది. తోటివాళ్ళంతా హైదరాబాదు, బెంగళూరు అని ఎగిరిపోయారు. నన్ను ఎవరూ పిలవలేదు. చివరికి మా సొంతూరు పోర్ట్ బ్లెయిర్‌లోనే, హాడో అనే పేటలో మా నాన్న కిరాణా కొట్టుకి ఎదురుగా మేడమీదున్న ఓ చిన్న సర్వే సంస్థ దయతలచింది. నాన్న పప్పు తూస్తూ కూడా “మా అమ్మాయి డేటా సైంటిస్టు” అని చెప్పేవాడు. కొందరు అదేదో జబ్బు పేరనుకుని నా వైపు జాలిగా చూసేవాళ్ళు.

మేనేజర్ పేరు మధుబాల. రాజస్థాన్ నుంచి వచ్చి ద్వీపాల్లో స్థిరపడిన శుద్ధ శాకాహారి. అందరం దీదీ అనేవాళ్ళం. ఎప్పుడూ గొంతు పెంచదు. తిట్టేవాళ్ళయితే తిట్టి ఊరుకుంటారు కదా, ఈవిడ మనసులో ఏం రాసుకుంటోందో తెలియక నాకు అన్నం సహించేది కాదు.

ఒక ప్రభుత్వ శాఖవాళ్ళు మత్స్యకారులకు ఐసు పెట్టెలు ఇద్దామనుకున్నారు. అంతకుముందు ఎవరు ఏ పని చేస్తారో, ఏమేం పడతారో తెలియాలి. అది కనుక్కోవడం నా వంతు. వాళ్ళ మాటలు నేను ఫోన్లో రికార్డు చేస్తాను, ఒక సాఫ్ట్‌వేర్ వాటిని ఇంగ్లీషులోకి మారుస్తుంది, నేను రాసిన ప్రోగ్రాం లెక్కలు తేల్చి బొమ్మలు గీస్తుంది. వినడానికి ఎంత బాగుందో చూడండి.

జనాన్ని పోగుచేసింది నూకరాజు మావయ్య. రక్తసంబంధం లేదు, నాన్నకి ప్రాణస్నేహితుడు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన కుటుంబం, సొంత పడవ ఉంది. “మన గుంట సదువు కోసం, రండ్రా” అని (గుంట అంటే పిల్ల, అంటే నేనే) తోటివాళ్ళందరినీ ఫీనిక్స్ బే రేవు దగ్గరికి లాక్కొచ్చి నా ముందు కూర్చోబెట్టాడు.

“మీరు ఏం పని చేస్తారండీ?” అని అడిగాను.

“ఏటకెల్తాం అమ్మీ,” అన్నారు ఒకరి తరవాత ఒకరు.

ఆ మాట నాకు తెలియదు. ఇక్కడి ప్రోతరాపూర్‌లో పుట్టి, హిందీ మీడియంలో చదువుకున్న తెలుగు నాది. ఇంట్లో మేం ‘ఫిషింగ్’ అనేవాళ్ళం. ఏట అంటే ఏదో రేవు పేరనుకున్నాను. అర్థం కానప్పుడు గట్టిగా తలూపడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. నేను తలూపితే వాళ్ళు ఇంకా హుషారుగా చెప్పారు.

సాఫ్ట్‌వేర్ నాకంటే చదువుకున్నది. ఏటని వేటగా దిద్దుకుని, వేటని హంటింగ్ చేసి పెట్టింది. నేను ఆ మాటలు చదవాలి కదా. చదవలేదు. బొమ్మకి రంగు కుదరడంలేదని నా బెంగంతా దాని మీదే పెట్టాను. గుండ్రటి బొమ్మ మొత్తం ఒకే ఆకుపచ్చతో నిండిపోతే, చూడముచ్చటగా ఉందని మురిసిపోయి గడువు ముగుస్తుండగా పంపేశాను. ఆఖరి పేజీలో కృతజ్ఞతలు కూడా రాశాను: ‘వీరందరినీ కూడగట్టి, ముందుండి నడిపించిన నూకరాజుగారికి.’

మర్నాడు మీటింగుకి వెళ్ళేసరికి దీదీ పక్కన ఖాకీ చొక్కా కూర్చుని ఉంది. పేరు తివారీ సాబ్, అటవీ శాఖ అధికారి. నా రిపోర్టు చూడ్డానికి వేరే శాఖల నుంచి కూడా వస్తున్నారన్నమాట, అనుకున్నాను. ఆ సంతోషం కుర్చీలో కూర్చునేంత వరకే.

“బేటా, ఇది నువ్వే రాశావా?” హిందీలో అడిగాడు.

“నేనే సార్.”

“ఇక్కడ ఇంతమంది వేటాడతారా?”

తెరమీద నా ఆకుపచ్చ బొమ్మ పడింది. కింద ‘వృత్తి: హంటింగ్’ అని ఉంది. దాని కింద ‘ఇటీవల పట్టినది: పీకాక్’. మా ఊరికి ఎదురుగా ఉన్న చిన్న దీవిలో నెమళ్ళు పర్యాటకుల మధ్యే తిరుగుతుంటాయి. వాటిని పడితే జైలే.

“ఈ నూకరాజు ముఠాకి నాయకుడా?”

“మా మావయ్య సార్,” అన్నాను. ఆ మాట అప్పుడెందుకు అన్నానో నాకిప్పటికీ తెలియదు.

దీదీ నా వైపు చూడనేలేదు. డిగ్రీ పోతుందనే భయం ఒక పక్క, మావయ్య జైలుకెళ్తాడనే భయం ఇంకో పక్క. నా చదువు కోసం వచ్చి కూర్చున్న మనిషిని నా చేత్తోనే పట్టిస్తున్నాననిపించింది. తివారీ సాబ్ మాత్రం శాంతంగా, “ఫోన్ చెయ్. స్పీకర్లో పెట్టు. తెలుగులోనే అడుగు, ఆయనకి అనుమానం రాకుండా,” అన్నాడు.

“మావయ్యా, నేను లావణ్యని. నువ్వు నెమలిని పట్టలేదు కదా?” లేదనమని గొంతులోనే బతిమాలుకున్నాను.

“పట్టకేటి? మొన్న పడింది గదే. నాకన్నా పొడుగు. నలుగురం లాగితే గాని పైకి రానేదు.”

“క్యా బోలా?” ఏమన్నాడని అడిగాడు తివారీ సాబ్.

“పట్టాడట సార్. మనిషికంటే పొడుగట.”

తివారీ సాబ్ రాసుకుంటున్న పెన్ను ఆగింది.

“మావయ్యా, సరిగ్గా ఆలోచించుకుని చెప్పు.”

“ఆలోసించడానికేటుందే? దాని ముక్కు బల్లెంలాగుంటాది. నా సెయ్యి కోసీసింది. సగం మీ ఇంటికే పంపినాను. మీయమ్మ పులుసెట్టింది. బాగుందని నువ్వు రెండోసారి ఏయించుకున్నావట గదా.”

దీదీ తన కుర్చీని కాస్త అవతలికి జరుపుకుంది. నేనింకా హిందీలోకి మార్చనేలేదు, కానీ పులుసు అనే ముక్క ఆవిడకి తెలుసు. “నువ్వు కూడా తిన్నావా?” అంది నెమ్మదిగా.

“చేప అనుకుని తిన్నాను దీదీ,” అని ఏడ్చేశాను.

“సేప గాక మరేటే?” అంది ఫోను. “నెమిలి కోనం సేపే. ఈపు మీద రెక్క ఇప్పిందంటే నెమిలి పింఛంలాగుంటాది, అందుకని ఆ పేరు. ఎందుకేడుస్తన్నావు? ఎవులే ఆ పక్కన?”

సార్‌కి అదంతా హిందీలో చెప్పి, మావయ్యని ఫోటో పంపమన్నాను. వచ్చింది. పడవ పక్కన మావయ్య, ఆయన పక్కన ఆయనకంటే గొప్పగా నీలం రెక్క విప్పుకున్న చేప. తివారీ సాబ్ దాన్ని పెద్దది చేసి, తిప్పి, మళ్ళీ చిన్నది చేసి చూశాడు.

“మరి హంటింగ్?”

“మావయ్యా, ఏటకెల్లడం అంటే ఏంటి?”

“సముద్రం మీదికెల్లి సేపలు పట్టడం. అంతసేపూ తల ఆడించినావు, తెలుసనుకున్నాను. అయితే నన్ను నెమిళ్ళ దొంగననుకున్నావేటే?”

అంతవరకు పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఆ ప్రశ్న ఒక ఎత్తు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా తివారీ సాబ్ వెళ్తూ వెళ్తూ, “పులుసు అంత బాగుందా?” అని అడక్క మానలేదు.

దీదీ సంతకం పెట్టలేదు. “మళ్ళీ చెయ్. అయ్యాక చూద్దాం,” అంది. ఈసారి బుద్ధి వచ్చింది కదా, నా ప్రోగ్రాంలో ఒక్క వాక్యం కలిపాను: ఎక్కడ వేట కనపడినా ఫిషింగ్ అని మార్చు. మావయ్య దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. ఆయన మనసు మంచిది. “ఆదివారం అమ్మోరికి ఏటేస్తన్నాం. మీ దీదీని కూడా తీసుకొచ్చీ, బోయినం సేసెల్లండి,” అన్నాడు.

ఇప్పుడు నాకు అన్నీ తెలుసు. ఆఫీసుకి పరిగెత్తుకెళ్ళి, “దీదీ, ఆదివారం వాళ్ళు దేవత పేరు మీద చేపలు పడతారట. రిపోర్టుకి మంచి ఫోటోలు దొరుకుతాయి,” అన్నాను. ఆవిడ మొదటిసారి నా వైపు మెచ్చుకోలుగా చూసింది. సంతకం సగం పడిపోయిందనుకున్నాను.

ఆదివారం ఆవిడ టోపీ పెట్టుకుని, కెమెరా మెడలో వేసుకుని, లైఫ్ జాకెట్ తొడుక్కుని మరీ వచ్చింది. మావయ్య పెరట్లో పడవ లేదు, వల లేదు. పసుపు పూసి, వేపాకు దండ వేసిన మేకపోతు ఒకటి నిలబడి ఉంది. అది తిన్నగా వచ్చి దీదీ లైఫ్ జాకెట్ తాడు నమలడం మొదలుపెట్టింది.

“లావణ్యా, చేపలెక్కడ?”

నేను మావయ్యని చూశాను.

“ఏట ఇదేనే,” అన్నాడు, మేక వీపు నిమురుతూ. “అమ్మోరికి బలిచ్చే పోతుని ఏటంటాం.”

దీదీ మేకని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ మేకని చూసింది. ఆ రోజు ఆవిడ అరటిపండూ పెరుగన్నమూ మాత్రమే తిని, మేక కనపడకుండా గోడవైపు తిరిగి కూర్చుంది. నేను సంతకం మీద ఆశ వదులుకున్నాను.

ప్రతి మాటా మావయ్యని అడిగి రిపోర్టు మళ్ళీ రాశాక, సెమిస్టర్ చివర్లో సంతకం పడింది. దాని పైన ‘మేనేజర్ అభిప్రాయం’ అన్నచోట దీదీ తన చక్కటి దస్తూరితో రాసింది: ‘కష్టపడే అమ్మాయి. తెలుగుతో పని లేని చోట ఉద్యోగం ఇవ్వగలరు.’

కనుక ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను. అర్థం తెలియని మాటకి ఇక ఎన్నడూ తల ఊపను. అర్థం తెలిసిందనుకున్న మాటకైతే అసలే ఊపను. ఈ ప్రమాణానికి అమ్మవారే సాక్షి. మేకపోతు కూడా సాక్షి అందామంటే, అది ఆ మధ్యాహ్నం వరకే ఉంది.